మిట్టలో ఆగిన మాట

బాబా చనిపోయాక ఆ ఇంట్లో ఆయన గొంతు వినిపించే చోటు ఒక్కటే మిగిలింది. అది వెనుక వైపున్న సైకిల్ గది.

కువైట్‌లోని మిష్రిఫ్‌లో మేము పనిచేసే ఇల్లు అది. నేను ఊడ్పు, తుడుపు, బట్టలు చూస్తాను. కోనసీమ నుంచి వచ్చిన మణి వంట చేస్తుంది. మా రాయచోటి వైపు మనిషి జిలానీ బాషా కారు నడుపుతాడు. ఇంటి యజమానురాలిని మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలుస్తాం. భార్యాభర్తలిద్దరికీ సైకిలు పిచ్చి. ఏటా ఇక్కడ ఎండలు తట్టుకోలేని రోజుల్లో ఫ్రాన్స్ పోయేవారు. అక్కడ ఏదో కొండ మీద, మనుషులు పెద్దగా తిరగని రోడ్లలో పగలంతా తొక్కి, చీకటి పడితే ఏదో ఒక పల్లెలో పడుకునేవారట. తిరిగి వచ్చాక మామా మేజోళ్ళకు గడ్డి గింజలు అంటుకుని ఉండేవి. ఉతికే ముందు వాటిని ఏరేదాన్ని. నాకు తెలిసిన ఫ్రాన్స్ అంతే.

బాబా తన సైకిలు ముందు చిన్న కెమెరా బిగించుకుని ఆ దారులన్నీ వీడియో తీసేవాడు. సైకిల్ గదిలో గోడంత టీవీ, దాని ఎదురుగా కదలని సైకిలు ఒకటి ఉన్నాయి. సైకిలు తొక్కితేనే టీవీలో దారి కదులుతుంది. ఆపితే ఆగిపోతుంది. దారి మిట్ట ఎక్కుతుంటే పెడళ్ళు కూడా బరువెక్కుతాయి. ఆయన మనిషిని పిలిపించి మరీ అలా పెట్టించుకున్నాడు.

మణి దాన్ని మొదటిసారి చూసినప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

“ఎంత తొక్కినా గడప దాటదు, ఇదేం సైకిలండీ పిన్నీ! ఇదే మా ఊళ్ళో అయితే ఈపాటికి అమలాపురం ఎళ్ళి చేపలు కొనుక్కొచ్చేద్దును.”

“చేపల కోసరం తొక్కుతాండాడా ఆయప్ప? నువ్వు పోయి కూర మాడకుండా చూసుకో పో,” అన్నాను.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం బాబా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. వారం రోజులు ఇల్లు మనుషులతో నిండిపోయింది. తర్వాత అందరూ వెళ్ళిపోయారు. కొడుకు యూసుఫ్ కూడా చదువు కోసం లండన్ వెళ్ళక తప్పలేదు. మామా ఒక్కతే మిగిలింది.

“ఇద్దత్‌లో ఉండాదక్కా,” అన్నాడు జిలానీ బాషా. “మొగుడు పోయినామె నాలుగు నెల్ల పది దినాలు ఇంట్లోనే ఉండాల. సొమ్ములు పెట్టుకోగూడదు, సెంటు పూసుకోగూడదు. రాత్రికి ఈ ఇంట్లోనే పడుకోవాల, ఇంగో ఇంటికి పోగూడదు. మా యమ్మ గూడా అట్లనే ఉండె.”

మామా తన గదిలోంచి బయటికి వచ్చేది కాదు. పళ్ళెం పంపితే పంపినట్టే తిరిగి వచ్చేది. నిద్ర కూడా లేదు. నేను ఏ వేళకు తలుపు తీసినా కళ్ళు తెరుచుకునే ఉండేవి.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

“సంజూ, ఆ గది తెరువు. దుమ్ము తుడువు.”

నా పేరు సంజీవమ్మ. మామాకు నోరు తిరగక సంజూ అంటుంది. గది తెరిచి తుడిచాను. మామా వచ్చి సైకిలెక్కింది. నన్ను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడమంది. టీవీ వెలిగింది.

అక్కడ తెల్లవారుతోంది. సన్నటి తారు రోడ్డు. మధ్యలో గీత కూడా లేదు. రెండు పక్కలా మోకాలెత్తు రాతి గోడలు, గోడల అవతల గడ్డి. ఎంత దూరం చూస్తే అంత దూరం గడ్డి. మా ఊరి గుట్టలు నాకు తెలుసు. ఎక్కితే పైన బండలు, ముళ్ళకంపలు, మళ్ళీ దిగుడు. ఈ కొండ అలా లేదు. దేవుడు కొండను పేర్చుతూ పేర్చుతూ మధ్యలో ఆపి, పైభాగాన్ని అరచేత్తో నిమిరి వదిలేసినట్టుంది. ఆ పైన అంతా ఆకాశమే. ఒక మేఘం నీడ గడ్డి మీద నడుచుకుంటూ వచ్చింది. గోడ దాటి, రోడ్డు దాటి, ఇంకో గోడ దాటి వెళ్ళిపోయింది. మనిషి లేడు. బండి లేదు. ఎర్రటి ఆవులు కొన్ని, కొమ్ములు ఎత్తి ఊరికే నిలబడి ఉన్నాయి.

ఇంత నేల, ఇంత ఆకాశం ఎవరూ చూడకపోయినా ప్రతి పొద్దూ ఇలాగే ఉంటాయా అనిపించింది. నా ఒళ్ళు జలదరించింది. చేతిలో తువ్వాలు ఉందన్న సంగతే మరిచాను.

ముందు ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి ఒకామె తొక్కుకుంటూ పోతోంది. అది మామాయే. బాబా ఆమె వెనక నుంచి తీశాడు. మామా సైకిల్ గదిలో కూర్చుని తన వీపును తానే చూస్తూ తొక్కుతోంది. ఎర్ర చొక్కా చాలా దూరం పోయి చిన్నదైపోయాక, ఉన్నట్టుండి గదిలో బాబా గొంతు వినిపించింది.

మామా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాట నోట్లోనే నిలిచిపోయింది. గాలికి వంగిన గడ్డి వంగినట్టే ఉండిపోయింది.

ఆయన బతికుండగా మామా ఆ వీడియోలు ఎప్పుడూ చూడలేదట. “నేను అక్కడే ఉన్నాను కదా, మళ్ళీ చూసేదేముంది అనేదాన్ని,” అంది. “ఎక్కేటప్పుడు మాట్లాడకు, ఊపిరి వృథా చెయ్యకు అని కూడా అనేదాన్ని.” అందుకని ఆయన ఆమె దూరమయ్యేదాకా ఆగి, కెమెరాతో మాట్లాడుకునేవాడు. ఆ సంగతి ఆమెకు ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఇద్దరం ఆ గదిలోనే. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. బాబా మాటల్లో నాకు తెలియనివి మామా తేలిక మాటల్లో చెప్పేది. రోడ్డు పక్కన ఎత్తుగా పాతిన కర్రలు ఎందుకో ఆయనే చెప్పాడు. చలికాలం మంచు పడి రోడ్డు కనబడకపోతే ఆ కర్రలను చూసి దారి పోల్చుకుంటారట. మనిషి లోతు మంచు! కువైట్ ఎండల్లో ఉండి ఆ మాట వింటే నమ్మబుద్ధి కాలేదు. పొద్దుటి నుంచి ఒకే ఒక్క కారు ఎదురొచ్చిందనీ, అది కూడా తమ కోసం గడ్డిలోకి దిగి ఆగిందనీ ఆయన నవ్వుతూ చెప్పాడు.

దారి పొడుగునా అక్కడక్కడా చిన్న తెల్ల రాళ్ళు ఉన్నాయి. వాటి తలకు పసుపు. ఆ కొండవాళ్ళు కూడా పొలిమేర దేవతకు పసుపు పూస్తారు కాబోలు అనుకున్నాను. రాయి ఎదురొచ్చినప్పుడల్లా చేతులు జోడించాను. చాలా రోజుల తర్వాత మామా అది గమనించింది.

“ఏం చేస్తున్నావు?”

“దేవుడు, మామా.”

ఆమె కాసేపు నన్నూ రాయినీ చూసింది. “అవి కిలోమీటరు రాళ్ళు, సంజూ.”

వంటింట్లో చెబితే మణి గరిటె వదిలేసి నవ్వింది. “పిన్నీ! ఫ్రాన్స్ గవర్నమెంటోళ్ళ రాళ్ళన్నిటికీ దణ్ణాలెట్టేసేవా? ఆళ్ళకి తెలిత్తే పూజారి ఉద్యోగం ఇచ్చేత్తారు, ఆయ్!”

“పెట్టిన దండం యాడికీ పోదులే,” అన్నాను. ఆ దారిని చూస్తే ఏ రాయికైనా దండం పెట్టాలనే అనిపిస్తుంది. అది మణికి చెప్పినా అర్థం కాదు.

అలా చూస్తూ చూస్తూ చివరి వీడియోకు వచ్చాం. పోయినేడు వాళ్ళు ఆఖరుగా తొక్కిన దారి. అందులో ఒక మిట్ట ఉంది. రోడ్డు చెట్ల మధ్య నుంచి వంకర తిరిగి, నిట్టనిలువుగా ఎక్కి, కొండ మీది మైదానంలోకి తెరుచుకుంటుంది. ఎర్ర చొక్కా ఆ వంపు దాటి కనుమరుగైంది. బాబా ఊపిరి గదంతా వినిపిస్తోంది. ఆయాసం మధ్య అన్నాడు, “ఆమె అనుకుంటుంది, నేను...”

అక్కడ మామా కాళ్ళు ఆగిపోయాయి. పెడళ్ళు అంత బరువెక్కాయి. మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఆ మాట ఏమిటా అని ఆమె భయపడుతోంది. నాకు చెప్పింది.

“ఆ రోజు ఆయనకు గుండె నొప్పి వచ్చిందేమో, సంజూ. ఆమె అనుకుంటుంది నేను బాగున్నానని. అదేనేమో ఆ మాట. నొప్పిని నా దగ్గర దాచి కెమెరాకు చెప్పుకున్నాడేమో. నేను ముందు పోతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.”

యూసుఫ్ ఫోన్‌లో చెప్పాడు, తొక్కాల్సిన అవసరం లేదనీ, ఎవరినైనా పంపి ఆ వీడియోను బయటికి తీయించి ఫోన్‌కే పంపిస్తాననీ. మామా ఒప్పుకోలేదు.

“ఆ రోజు నేను ఆయనను వదిలి ముందు పోయాను. ఈసారి ఆయనతోనే ఎక్కుతాను. ఆయన ఎంత మెల్లగా ఎక్కితే అంత మెల్లగా.”

ఎక్కాలంటే కాళ్ళలో బలం ఉండాలి. తిండీ నిద్రా లేని ఒళ్ళు అది. ఒకరోజు దిగుతూ తూలి నా భుజం మీద పడింది. ఎముకలే తగిలాయి. ఇలాగే తొక్కితే ఈమె కూడా దక్కదని నాకు భయం పట్టుకుంది.

మా వైపు మొగుడు పోయిన ఆడదాన్ని, దినాలు అయ్యాక, అయినవాళ్ళు వచ్చి తీసుకుపోయి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. నిద్రకు తీసుకుపోవడం అంటాం. చావు చూసిన ఇంట్లో నిద్ర పట్టదు. ఇంకో చోట ఒక్కసారి కన్ను మూస్తే, తర్వాత ఇంట్లో కూడా పడుతుంది. నా మొగుడు పోయినప్పుడు మా అక్క వచ్చి తన ఊరికి తీసుకుపోయింది. ఆమె కొట్టంలో, ఎద్దుల పక్కన, అంతకు ముందు ఎన్నడూ పోనంత నిద్ర పోయాను. మామాను ఎవరూ నిద్రకు తీసుకుపోలేదు.

జిలానీ బాషాను అడిగాను. “వాళ్ళ చెల్లెలింటికి ఒక్క రాత్రి తీస్కపోతే ఏమైతాది బాషా?”

“నా ఉద్యోగం పోతాది. చెప్తి గదక్కా, రాత్రి ఈ ఇల్లు దాటగూడదని.”

“పగలు?”

“పగలు మాత్రం యాడికి పోతాదిలే. ఆమెకు పోవాలని ఉంటే గదా.”

ఆమెకు పోవాలని ఉన్న చోటు ఒక్కటే. అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం మామా రాకముందే సైకిల్ గదిలో టీవీ ఎదురుగా పరుపు పరిచాను. ఉతికిన దుప్పటి వేశాను. కిటికీ తెరలు దించాను. సైకిలు మీద నేనే ఎక్కి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నాకు చాతనైనంత తొక్కి, గడ్డి బాగా విశాలంగా కనబడే చోట ఆపాను. నేను సైకిలెక్కడం అదే మొదలు. నా కాళ్ళ కింద ఫ్రాన్స్ కదిలింది.

మామా వచ్చి పరుపు చూసింది. ముఖం ఎర్రబడింది.

“ఇదేమిటి? నన్ను రోగిష్టిదాన్ని చేశావా? ఈ గదిలో నాకు పక్క వెయ్యమని ఎవరు చెప్పారు? తీసెయ్!”

చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఉన్న అరబ్బీ అంతా కూడగట్టుకున్నాను.

“మామా, మా ఊళ్ళో మొగుడు చనిపోతే, ఆడమనిషిని ఇంకో చోటికి తీసుకుపోతారు. ఒక్క నిద్ర. తర్వాత తిరిగి ఇంటికి. నువ్వు ఇల్లు దాటకూడదు. అందుకని...” టీవీ వైపు చెయ్యి చూపించాను. “అక్కడ.”

“అక్కడ మనకు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. ఆవులున్నాయి.”

మామా టీవీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆ గడ్డి, ఆ రాతి గోడ, గోడ పక్కన ఒంటరిగా ఒక రాతి గుడిసె. పాలు కాచి జున్ను చేసేవాళ్ళు వేసవిలో అందులో ఉండేవారని బాబా ఒకసారి చెప్పాడు.

“నిన్ను ఎక్కడికి తీసుకుపోయారు?” అంది చివరకు.

“మా అక్క కొట్టానికి. ఎద్దుల దగ్గరికి.”

“పట్టిందా నిద్ర?”

“మా అక్క నేను కూడా చచ్చిపోయానేమోనని తట్టి చూసింది, మామా.”

ఆమె పెదవి కొంచెం కదిలింది. పరుపు మీద కూర్చుంది. కాసేపటికి పడుకుంది. “నువ్వూ ఉండు,” అంది. నిద్రకు తీసుకుపోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. నేను నేల మీద, ఆమె తల దగ్గర గోడకు ఆనుకున్నాను. బయట ఎండ తెల్లగా కాలుతోంది. లోపల ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురుగా ఆ నేల. కదలని మేఘాలు, కదలని ఆవులు. అంత పెద్ద చోటు అంత నిశ్శబ్దంగా ఉంటే మనిషి దుఃఖం అందులో ఎక్కడ ఉందో వెతుక్కోవాలి. చూస్తూ ఉండగానే మామా ఊపిరి మారింది. మసీదులో నమాజుకు పిలిచే బాంగు వినిపించినా లేవలేదు. లేపాలా వద్దా అని జిలానీ బాషాను అడగడానికి తలుపు దాకా పోయి, మనసొప్పక తిరిగి వచ్చి కూర్చున్నాను.

లేచాక ఆకలి అంది. మణి పెట్టిన పప్పన్నం తన చేత్తోనే కలుపుకుని తింది.

“ఏం మందేసేవండీ పిన్నీ?” అంది మణి. “నాక్కూడా ఎయ్యి కొంచెం.”

“నీకెందుకు? నువ్వు నిలబడే నిద్రపోతావు గదా పొయ్యి కాడ.”

ఆ తర్వాత రాత్రుళ్ళు కూడా మామా గదిలో దీపం ఆరిపోయేది. కొన్నాళ్ళు నేను పెడళ్ళు ముట్టుకోనివ్వలేదు. అడిగినప్పుడల్లా “రేపు, మామా” అన్నాను. నా మాట ఆమె ఎందుకు వింది అన్నది నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ రోజు వచ్చింది. మామా జుట్టు బిగించి కట్టుకుంది. బిస్మిల్లా అంది. చెట్ల మధ్య దారి మొదలైంది. ముందు ఎర్ర చొక్కా, వెనక బాబా ఊపిరి. గదిలో మామా ఊపిరి దానితో కలిసింది. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. వంపు వచ్చింది. ఎర్ర చొక్కా కనుమరుగైంది.

“ఆమె అనుకుంటుంది, నేను...”

పెడళ్ళు బరువెక్కాయి. చిత్రం నత్తలా పాకుతోంది. ఆగిపోతోంది. నాకు ఏమైందో తెలియదు. పొద్దున లేచింది మొదలు ఆమె నన్ను ఏ మాటతో తరుముతుందో ఆ మాటే నా నోట్లోంచి వచ్చింది.

“యల్లా, మామా! యల్లా! యల్లా!”

ఆమె జీను మీద నుంచి లేచింది. నిలబడి తొక్కింది. ఒక పెడలు. ఇంకో పెడలు. దారి కదిలింది.

“...ముసలివాణ్ణయ్యానని,” అన్నాడు బాబా. షాయిబ్ అన్న ఆ అరబ్బీ మాట నాకు తెలుసు. ఆయన గొంతులో నవ్వు కూడా తెలిసింది. మామా తొక్కుతూనే ఉంది. “అందుకే వెనకబడుతున్నానని. అనుకోనీ.” ఊపిరి. “నేను ముందు పోతే, ఆమెను ఎలా చూసేది?”

నొప్పి లేదు. ఏ నొప్పీ లేదు ఆ మాటలో.

మామా కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా పడుతున్నాయి. తుడవడానికి తువ్వాలు ఎత్తాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడే చెట్లు అయిపోయాయి.

ఆ కొండ మీది నేలను అన్ని రోజులు చూశాను. అయినా మిట్ట ఎక్కి చూసినట్టు ఎన్నడూ చూడలేదు. ఒక్కసారిగా అంతా తెరుచుకుంది. గడ్డి బంగారు రంగుకు తిరిగి ఉంది. గాలి దాని మీద పరుగులు తీస్తోంది. దూరంగా కొండల వరస, దాని వెనక ఇంకో వరస, ఆ వెనక నీలం. రోడ్డు ఆ నడిమధ్య నుంచి సన్నగా, ఎవరికీ అడ్డం రాకుండా పోతోంది. నాకు తెలియకుండానే రెండు చేతులూ గుండె మీదికి వచ్చాయి.

రోడ్డు పక్కన ఎర్ర చొక్కా ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడి ఉంది. మామా తొక్కిన కొద్దీ ఆ మనిషి పెద్దదవుతోంది. చెదిరిన జుట్టు, ఎండకు కందిన బుగ్గలు, నవ్వు. బాబా ఆమెను ఎలా చూశాడో అలా మామా తన దగ్గరికి తానే పోతోంది.

టీవీలో ఉన్న మామా అరిచింది, “వెనకాల ఏమిటి ఆ గొణుగుడు?”

“ఏమీ లేదు,” అన్నాడు బాబా. “గాలి.”

సైకిలు మీది మామా నవ్వింది. ఆయన పోయాక అదే మొదటిసారి. ఏడుస్తూనే పగలబడి నవ్వింది. “గాలట, సంజూ! విన్నావా? గాలి అన్నాడు, అబద్ధాలకోరు! నేను నమ్మాను!”

మణి చప్పుడు విని పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. “ఏమైందండీ పిన్నీ? ఏడుత్తన్నారా, నవ్వుతున్నారా?”

“రెండూనే. గమ్మున చూడు.”

మామా పెడళ్ళు ఆపలేదు. అక్కడ నుంచి దారి చదునుగా ఉంది. ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు మీద రెండు సైకిళ్ళ నీడలు పొడుగ్గా, పక్కపక్కన పోతున్నాయి. ఆవులు తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలోకి వంచుకున్నాయి.